బల్లకు ఆనని అరచెయ్యి

కుడి అరచేతిలో, ఉంగరం వేలి మొదట్లో శనగగింజంత గట్టి బుడిపె లేచింది. నొక్కినా నొప్పి లేదు. పోనుపోను అక్కణ్ణుంచి చర్మం కింద తాడు కట్టి, ఉంగరం వేలినీ చిటికెన వేలినీ లోపలికి లాగేసింది. బేగంబజార్‌లో నాది స్టీలు సామాన్ల దుకాణం. చిల్లర ఇవ్వబోతే నాణెం వేళ్ల మధ్యే ఇరుక్కునేది. మొహం కడుక్కుంటుంటే వేలు కంట్లో పొడుచుకునేది. అన్నం కలపడానికి మాత్రం ఇబ్బంది లేదు, దానికి వేళ్లు వంగితే చాలు కదా!

పక్క దుకాణం పెద్దాయన "నరం పట్టింది తమ్మీ, నువ్వులనూనె రాయి" అన్నాడు. నరానిది కాదు, వేలిని ఆడించే స్నాయువుదీ కాదన్నారు చేతి సర్జన్. అరచేతి చర్మం కింది పొర మందమై ముడుచుకుపోతుందట. పేరు డ్యుపుట్రెన్ కాంట్రాక్చర్. 1831లో పారిస్‌లో దీనికి ఆపరేషన్ చేసి వివరించిన సర్జన్ పేరే పెట్టారు. ఉత్తర యూరప్ వాళ్లలో ఎక్కువ, మన దగ్గర తక్కువే. అయితే షుగర్ ఉన్నవాళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ. నాకు షుగరుంది. "యూరప్ జబ్బు ఉస్మాన్‌గంజ్ దాకా ఎట్లొచ్చిందండీ" అని మా ఆవిడ నవ్వింది.

చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టమన్నారు. ఆనలేదు. వేలి మొదటి కణుపు 30 డిగ్రీలు దాటి వంగితే ఆపరేషన్ ఆలోచిస్తారట. నడిమి కణుపు వంగితే అంతదాకా ఆగరు, ముదిరితే అది పూర్తిగా చాపుకు రాదు. సూదితో తాడు తెంపితే త్వరగా తేరుకుంటాం కానీ తిరగబెట్టడం ఎక్కువ. పొరను కోసి తీస్తే ఎక్కువకాలం నిలుస్తుంది. నేను కోతకే ఒప్పుకున్నాను. 'అందం కోసమా?' అని బీమావాళ్లు అడిగారు. ఈ మొరటు చేతికి అందమేమిటో!

చేతికే మత్తిచ్చి, వంకరటింకర కోతతో తీశారు. సాయంత్రానికి ఇంటికొచ్చేశాను. అసలు కష్టం ఫిజియోథెరపీలో. వాచిన వేళ్లను చాపు, ముడువు, మళ్లీ చాపు. కళ్లలో నీళ్లు తిరిగేవి, చేయించే అమ్మాయి మాత్రం వదిలేది కాదు. రాత్రిళ్లు చేతికి స్ప్లింట్, అంటే వేళ్లను చాపి పట్టి ఉంచే గట్టి పట్టీ.

ఉంగరం వేలు తిన్నగా వచ్చింది. చిటికెన వేలి నడిమి కణుపులో కాస్త వంపు మిగిలింది. ఇప్పుడు ఎడమ అరచేతిలోనూ చిన్న బుడిపె తగులుతోంది. అది ముదిరితే మాత్రం సూదికే వెళ్తాను. ధనత్రయోదశి గిరాకీలో దుకాణాన్ని కుర్రాడి మీద అన్నాళ్లు వదిలేయడం నా వల్ల కాదు.