ఏ కూర్పు, ఏ పేజీ?

ఆదివారం, రాత్రి పదిన్నర

పుస్తకం చదివి మాట్లాడుకునే మా నెలాఖరు కూడిక ఇవాళ. పుస్తకం గురజాడ నాటకం కన్యాశుల్కం. వచ్చినవాళ్ళు పన్నెండు మంది, బల్ల మీద ప్రతులు తొమ్మిది, అట్టలు ఆరు రకాలు. మిగతా ముగ్గురిలో ఇద్దరు ఫోనులో పీడీఎఫ్ చదివారు, ఒకాయన సినిమా చూసి వచ్చాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు గానీ రెండో వాక్యంలోనే బయటపడింది: గిరీశం అనాల్సిన చోటల్లా ఎన్టీఆర్ అంటున్నాడు.

1955లో పి. పుల్లయ్య తీసిన ఆ సినిమా మీద అభిప్రాయం చెప్పడంలో తప్పేం లేదు. దాన్ని నాటకం మీద అభిప్రాయంగా చలామణీ చేస్తేనే చిక్కు. సావిత్రి మొహం లేకుండా నాటకంలోని వేశ్య మధురవాణిని ఊహించుకోవడం ఒక తరానికి నిజంగానే కష్టం. అందుకని పరువు తీసే ప్రశ్నలేవీ వెయ్యకుండా ఒక్కటే అడగాలి: "మాస్టారూ, ఈ మాట ఏ అంకంలో ఉంది?" ఉంటే వెతికి చూపిస్తారు. లేకపోతే వెతుకుతూ వెతుకుతూ పుస్తకం చదవడం మొదలుపెడతారు. ఇవాళ రెండోదే జరిగింది.

మొదటి పావుగంట ఎప్పుడూ ప్రతులు చూసుకోవడానికే పోవాలి. ఎవరి పుస్తకంలో వాళ్ళు లోపలి అట్ట పేజీ తిప్పి, దాని వెనక సన్నటి అక్షరాల్లో ఉన్నది పైకి చదవాలి: ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, ఎవరు ప్రచురించారు, పరిష్కర్త ఎవరైనా ఉన్నారా. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది చాదస్తంగా కనిపిస్తుంది. కన్యాశుల్కం విషయంలో మాత్రం ఇది చెయ్యకపోతే గంటసేపు రెండు వేరు వేరు నాటకాల గురించి పోట్లాడుకోవాల్సి వస్తుంది. గురజాడ దీన్ని రెండుసార్లు రాశాడు. 1892లో విజయనగరంలో ఆడినది, 1897లో అచ్చయినది మొదటి కూర్పు. 1909లో వచ్చినది రెండోది. అక్కడక్కడా దిద్ది మళ్ళీ అచ్చేసినది కాదది, పునాదుల నుంచి లేపి కట్టినది. ఐదు అంకాలు ఏడయ్యాయి, మధురవాణి పాత్ర బాగా పెరిగింది. మామూలుగా దొరికేవి రెండో కూర్పు పుస్తకాలే. కానీ ఫోనులో పాత స్కాన్ దించుకున్నవాళ్ళ చేతిలో మొదటిది ఉండొచ్చు. ఇవాళ ఒకరి దగ్గర ఉంది. "మధురవాణికి ఇంత పేరెందుకో అర్థం కాలేదు" అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడ చదివిన నాటకంలో మధురవాణి అంతే.

ఆరు రకాల అట్టలుంటే పేజీ నెంబర్లు కలవవు. నాటకానికి అంకం, రంగం చెప్పుకుంటే అందరూ ఒకే చోటికి చేరతారు. నవలకి అధ్యాయం, కథల సంపుటికి కథ పేరుతో పాటు పేరా. ఫోనులో చదివేవాళ్ళకి అక్షరాల సైజు మార్చగానే పేజీలు మారిపోవచ్చు, కాబట్టి వాళ్ళు ఆ చోటి మొదటి నాలుగు మాటలు చదివి వినిపించాలి. ఒకరి కూతురు డల్లాస్‌లో ఉంది, 2007లో వచ్చిన వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీషు అనువాదం చదివి నాలుగు ముక్కలు రాసి పంపింది. అంకం, రంగం వేసింది కాబట్టి నిమిషంలో చోటు దొరికింది. తెలుగులో ఇంగ్లీషు కలిపి కొట్టే గిరీశం, మొత్తం ఇంగ్లీషే అయిన పుస్తకంలో ఎలా నవ్విస్తాడు అన్నది ఆ అమ్మాయి ప్రశ్న. దానికి ఇవాళ ఎవరి దగ్గరా జవాబు దొరకలేదు. దొరకాలంటే రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక రంగం చదవాలి.

గుర్తులు పెట్టుకునే పద్ధతి గురించి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. పెన్ను వద్దు, హైలైటర్ అసలే వద్దు. పల్చటి కాగితంలో సిరా అవతలి పేజీకి దిగుతుంది, గ్రంథాలయం పుస్తకమైతే మీ తర్వాతివాళ్ళు మీ కళ్ళతో చదవాల్సి వస్తుంది. ఏ4 కాగితాన్ని నిలువునా నాలుగు ముక్కలు చేస్తే నాలుగు చీటీలు. ఒకటి పుస్తకంలో పెట్టుకుంటే గుర్తుకీ అదే, రాతకీ అదే. పేజీ నెంబరు, మూడు నాలుగు మాటలు, పక్కన ఒక గుర్తు: నచ్చితే టిక్కు, అర్థం కాకపోతే ప్రశ్న, ఒప్పుకోలేకపోతే ఇంటూ. రెండువందల పేజీలకి పదిహేను, ఇరవై చాలు. ఒకాయన చీటీ మీద అరవై మూడు ఉన్నాయి, అన్నీ టిక్కులే. అలాంటి చీటీ చూసి మాట్లాడలేం, పుస్తకం మొదటి నుంచి మళ్ళీ చదవడమే. మంచి చీటీలో ప్రశ్నలు ఎక్కువుంటాయి.

చీటీ నుంచి నోట్‌బుక్కులోకి ఎక్కించేటప్పుడు రెండు పూటలుగా రాయాలి. పుస్తకం మూసిన రోజే ఎడమ పేజీలో, చదువుతుంటే మనకేమైందో. రెండ్రోజులు ఆగి కుడి పేజీలో, పుస్తకం ఏం చేసిందో. రెండూ ఒకేసారి రాస్తే మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది. "గుండె బరువెక్కింది" అన్నది ఎడమ పేజీ మాట, దాన్ని తీసేయక్కర్లేదు. కాకపోతే దాన్నే పుస్తకం మీద తీర్పుగా రాసేసి ఊరుకుంటే, బరువు పుస్తకంలో ఉందా, ఆ వారం మన ఇంట్లో ఉందా అన్నది చదివేవాడికి తెలియదు.

ఎడమ పేజీ నుంచి కుడి పేజీకి ఎలా నడవాలో ఇవాళ డిగ్రీ చదివే అమ్మాయి చూపించింది. "రెండో అంకంలో వెంకమ్మ నూతిలో దూకేదాకా నవ్వుతూనే ఉన్నానండీ. తర్వాత అంతకుముందు నవ్వినదానికి సిగ్గేసింది." ఇది స్పందన. ఇక్కడే ఆగిపోతే అందరూ తలూపి టీ తాగుతారు. "ఏ మాటకి నవ్వావమ్మా?" అని అడిగితే వెనక్కి తిప్పి చూసింది. వెంకమ్మ మొగుడు అగ్నిహోత్రావధాన్లు కోపానికి నవ్వింది. కాస్సేపటికి చిన్నకూతురు సుబ్బి పెళ్ళి దగ్గర ఆ ఇంట్లో ఎవరి మాటా చెల్లకుండా చేసినదీ ఆ కోపమే. నవ్వించిన గుణమే ఇల్లాలిని నూతిదాకా తీసుకెళ్ళింది, మధ్యలో రచయిత ఎక్కడా "ఇక నవ్వకండి" అని చెప్పడు. ఇది అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు కూడా అదే రంగం తెరిచి ఒప్పుకోకుండా ఉండగలరు. ఇద్దరు అలాగే తెరిచారు, పది నిమిషాలు మంచి వాదన నడిచింది.

పది నిమిషాలే, ఎందుకంటే గడియారం ఉంది. మనిషికి నాలుగు నిమిషాలు, పన్నెండు మందికి నలభై ఎనిమిది. ఆ తర్వాతే చర్చ. వరస కూడా ముఖ్యమే. బాగా నచ్చినవాళ్ళని ముందు మాట్లాడిస్తే, నచ్చనివాళ్ళు మొహమాటపడి తమ నాలుగు నిమిషాల్ని "నాకూ అంతేనండీ" అని మూడు సెకన్లలో ముగిస్తారు. అందుకని పూర్తిచెయ్యనివాళ్ళు మొదట, నచ్చనివాళ్ళు తర్వాత, నచ్చినవాళ్ళు చివర. పూర్తిచెయ్యనివాళ్ళు సిగ్గుపడతారు గానీ వాళ్ళు చెప్పేది అన్నిటికన్నా పనికొస్తుంది. వాళ్ళు చెప్పాల్సింది రెండే: ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపారు. ఇవాళ ఇద్దరు ఒకే అంకంలో ఆపారు, ఇద్దరిదీ ఒకటే కారణం, ఉత్తరాంధ్ర మాట అందలేదు. కరీంనగర్ ఆవిడ ఒకరు, కడప ఆయన ఒకరు. దీనికి మందు ఉంది. ఈ నాటకం కళ్ళతో చదివేది కాదు. ఇద్దరు కూర్చుని చెరో పాత్ర తీసుకుని పైకి చదివితే, అర్థం కాని మాటల్లో సగం గొంతులో పడగానే విడిపోతాయి. మిగతావాటికి నిఘంటువు. ఇద్దరూ మొదటి అంకం బొంకులదిబ్బ దగ్గర గట్టిగా మొదలుపెట్టారు. రెండు పేజీలయ్యేసరికి కడపాయన గిరీశం గొంతు పట్టేశాడు.

ఈ యాస తగువుకి ఇంకో కొస ఉంది. చీటీల మీద "అచ్చుతప్పు" అని కొన్ని గుర్తులు. వాటిలో నిజంగా అచ్చుతప్పులు నాలుగో ఐదో, తక్కినవి మాట పలికినట్టే రాసిన రాతలు, పాతకాలపు వొత్తులు, యకారాలు. తేల్చుకోవడం సులువే. ఒక పాత్ర నోట ఒక మాట ప్రతిసారీ అలాగే ఉంటే అది రచయితది. ఒక్కసారే ఉండి, ఇంకో ముద్రణలో మామూలుగా ఉంటే కంపోజింగులో జారింది.

డొల్ల మాటల గోల ఎప్పుడూ ఉన్నదే. శైలి బాగుంది, చదివించే గుణం ఉంది, పేలవంగా ఉంది, ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి. ఆవిష్కరణ సభలో శాలువా కప్పాక అనే మాటలివి, అక్కడ వాటికో మర్యాద ఉంది. పాత తెలుగు పుస్తకాల ముందు "పండితాభిప్రాయములు" అని పది పేజీలు వేసేవాళ్ళు, వాటిదీ అదే వరస. ఏ పుస్తకానికైనా అతికే మాట ఏ పుస్తకం గురించీ చెప్పదు. ప్రతి ఒక్కరూ చదవాలి అనే బదులు ఎవరు చదవాలో ఒక్కరిని చెప్పండి. మీ తమ్ముడికిస్తారా, అత్తగారికిస్తారా, ఎందుకు? చుక్కలు వెయ్యడం కూడా మానేసింది ఇందుకే. ఐదుకి నాలుగు వేస్తే ఎవరికీ బాధ ఉండదు, అందుకని అందరూ నాలుగే వేస్తారు. ఇంకోటి, ఇప్పటివాళ్ళ పుస్తకమైతే ప్రతి ఎలా వచ్చిందో మొదటి వాక్యంలోనే చెప్పెయ్యాలి. కొన్నాను, అరువు తెచ్చాను, రచయితే ఇచ్చారు. తెలుగు సాహిత్య లోకం చిన్నది, ఎవరో ఒకరికి ఎవరో ఒకరు స్నేహితులే. ముందే చెప్పిన స్నేహం వల్ల అభిప్రాయానికి లోటు రాదు.

గిరీశం దగ్గర పెద్ద గందరగోళం అయింది. వితంతు వివాహం గురించి అతను దంచిన ఉపన్యాసాన్ని ఒకాయన "గురజాడ అన్నట్టు" అంటూ ఎత్తుకున్నాడు. ఏ మాటనైనా రచయిత ఖాతాలో వేసే ముందు మూడు చూసుకోవాలి: ఎవరన్నారు, ఎవరితో, ఏం కావాలని. ఆ గిరీశం పూటకూళ్ళమ్మ ఇంట తిని బతికినవాడు. అవధాన్లు పెద్దకూతురు, వితంతువు బుచ్చమ్మని లేవదీసుకుపోవాలనుకుంటూ, ఆవిడ చెవిన పడేట్టు మాట్లాడేవాడు. మాట మంచిదే కావచ్చు, దాన్ని దుర్వినియోగం చేస్తున్నవాడి నోట పెట్టడమే గురజాడ చేసినది. మరి సంస్కర్త వకీలు సౌజన్యరావు పంతులు? ఆయన మాటలు గురజాడవేనా, ఆయన్ని చూసి కూడా కొంచెం నవ్వమన్నాడా? మగవేషంలో వచ్చిన మధురవాణి ముందు ఆయన తడబాటు చూస్తే రెండోదే అనిపిస్తుంది. ఇది మాత్రం తేలలేదు, తేలకపోవడమే బాగుంది.

పీఠిక చదివినవాళ్ళు ముగ్గురే. పీఠిక లేని ప్రతులూ ఉన్నాయి, అది వేరే సంగతి. "పసిపిల్లల్ని అమ్మడం ఇంతగా జరిగిందా, నాటకం కోసం పెంచి రాశాడేమో" అన్న అనుమానానికి జవాబు అక్కడే ఉంది. 1897 నాటి ఇంగ్లీషు పీఠికలో లెక్క ఇచ్చాడు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి మూడేళ్ళ కాలానికి విశాఖపట్నం జిల్లాలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించాడు. తేలినవి 1034. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళు 36, రెండేళ్ళు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు పైకి చదివాక కాస్సేపు ఎవరూ మాట్లాడలేదు. పీఠిక చివర చదివినా ఫరవాలేదు, అసలు చదవకపోతేనే నష్టం.

అన్నిటికన్నా గట్టి అభిప్రాయం చిట్టచివర వచ్చింది. బ్యాంకులో రిటైరైనాయన, మూడు కూడికలుగా పెద్దగా నోరు విప్పనివారు, నచ్చినవాళ్ళందరి తర్వాత నింపాదిగా అన్నారు: "మధ్యలో కథ అతకలేదు. ఒకచోట మనిషి మాట్లాడుతుండగానే ఇంకో ఊళ్ళో తేలాం. రచయిత తొందరపడ్డాడు." నిర్మాణలోపం అని చీటీ మీద కూడా రాసుకున్నారు. పక్కాయన ప్రతిలో ఆ చోటు వెతికితే అతుకు శుభ్రంగా ఉంది. అప్పుడు పేజీ నెంబర్లు చూశాం. 112 తర్వాత 129. పుస్తకాలు పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చయి, మడతపడి, వరసగా చేర్చి కుట్టబడతాయి. చేర్చేటప్పుడు ఒక ఫారం జారితే సరిగ్గా పదహారు పేజీలు పోతాయి, లేదా పక్క ఫారమే రెండుసార్లు పడుతుంది. ఆయన ప్రతిలో ఎనిమిదో ఫారం లేదు. కొత్త పుస్తకం కొనగానే 16, 32, 48 అంటూ పదహారుల దగ్గర తిప్పి చూసుకోవడం రెండు నిమిషాల పని, కొన్న వారంలో అయితే దుకాణంవాళ్ళే మార్చి ఇస్తారు. ఆయన కొని పదకొండేళ్ళయింది.

రిజిస్టరులో ఆయన వాక్యం కొట్టెయ్యలేదు. అందులో ఎవరి మాటా కొట్టెయ్యం, మారితే కింద వేరే సిరాతో తేదీ వేసి రాస్తాం. పుస్తకం, కూర్పు, ఎవరు, ఏ చోటు, రెండు వరసల్లో అభిప్రాయం, ఎవరికి ఇవ్వొచ్చు. ఆరు గళ్ళు, మనిషికి ఒక అడ్డవరస. ఇవాళ్టివి పన్నెండూ ఎక్కాయి, సినిమా ఆయనది కూడా, "చదవడం మొదలుపెట్టాను, ఒకటో అంకం" అని.

పోయిన పేజీలు రేపు జిరాక్స్ తీయించి ఆయనకి పంపాలి. అదే ముద్రణ ప్రతి ఇంకొకరి దగ్గర ఉంది, లేకపోతే నెంబర్లు కలిసేవి కావు. పుస్తకం పరిచి తీస్తే పదహారు పేజీలకి తొమ్మిది కాగితాలు పడతాయి: 113 కుడివైపు పేజీ, 112తో కలిసి వస్తుంది. 128 ఎడమవైపుది, 129తో.