ఫైర్ పాలసీ ఉంది కదా అనుకున్నాం

జీడిమెట్లలో మా బావకు చిన్న హార్డ్ క్రోమ్ ప్లేటింగ్ యూనిట్ ఉంది. హైడ్రాలిక్ రాడ్లు, రోలర్లు వస్తాయి, క్రోమ్ ఎక్కించి పంపిస్తారు. ఎనిమిది మంది పనివాళ్లు. లెక్కలు, జీఎస్టీ, ఇన్సూరెన్స్ కాగితాలు నేనే చూస్తాను కాబట్టి ఈ విషయం నేనే రాయాలి.

పోయినేడు వానాకాలం చివర్లో పక్క షెడ్ ఓనర్ ఒక తెల్ల బకెట్ మోసుకొచ్చి మా ఆఫీసు గడప దగ్గర పెట్టాడు. "అన్నా, జర చూడు, బోరు నీళ్లు పసుపు పచ్చగొస్తున్నయ్" అన్నాడు బావతో. అవే నీళ్లు గ్లాసులో పోస్తే మామూలుగానే కనిపిస్తున్నాయి, బకెట్ నిండా ఉంటే మాత్రం పసుపు కొమ్ము కడిగిన నీళ్లలా ఉన్నాయి. బావ ఏమీ మాట్లాడలేదు. క్రోమ్ పనిలో ఉన్నవాళ్లకు ఆ రంగు ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. అది హెక్సావాలెంట్ క్రోమియం, నీళ్లలో ఇట్టే కరిగి మట్టిలో ఆగకుండా పోతుంది, క్యాన్సర్ తెచ్చే రకం. తాగే నీళ్లలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది.

ట్యాంకు ఖాళీ చేసి చూస్తే కింద పిట్ మూలలో వెంట్రుక మందం పగులు. ఎన్నేళ్ల నుంచి ఇంకుతోందో దేవుడికే తెలియాలి. పక్క షెడ్ పిల్లలు ఆ నీళ్లతోనే చేతులు, టిఫిన్ బాక్సులు కడుక్కున్నారు. తాగడానికి మాత్రం మొదటి నుంచీ క్యాన్ నీళ్లే తెప్పించుకునేవాళ్లు, ఆ మాట విన్నాకే మాకు కాస్త ఊపిరి అందింది.

మాకు రెండు పాలసీలు ఉన్నాయి. బ్యాంకు లోన్ కోసం తీసుకున్న ఫైర్ పాలసీ ఒకటి, ఒక పెద్ద కస్టమర్ అడిగితే తీసుకున్న పబ్లిక్ లయబిలిటీ (మన వల్ల బయటివాళ్లకు నష్టం జరిగితే పరిహారం ఇచ్చేది) ఒకటి. రెండో దాంట్లో కాలుష్యానికి యాడ్-ఆన్, అంటే అదనపు కవర్ కూడా ఉంది, కాబట్టి ధైర్యంగానే క్లెయిమ్ పెట్టాను. రెండు వారాలకు నాలుగు లైన్ల మెయిల్ వచ్చింది. ఆ యాడ్-ఆన్ 'సడన్ అండ్ యాక్సిడెంటల్' కాలుష్యానికి మాత్రమే, మీది నెమ్మదిగా జరిగిన లీకేజీ, వర్తించదు అని. కోపంతో పాలసీ తీసి చదివితే నిజంగానే అలాగే రాసి ఉంది, ఆరేళ్లుగా ప్రీమియం కడుతూ ఆ పేజీ నేను ఒక్కసారి కూడా చదవలేదు, అమ్మిన ఏజెంటూ ఒక్క ముక్క చెప్పలేదు.

తేడా ఏమిటంటే, డ్రమ్ము పగిలి యాసిడ్ ఒక్కసారిగా రోడ్డు మీదికి పోతే అది సడన్. పిట్ లోంచి చుక్క చుక్క ఇంకితే కాదు. మన చిన్న యూనిట్లలో ఎక్కువగా జరిగేది ఆ రెండోదే, అందుకే నాకు ఇంత బాధ. మామూలు లయబిలిటీ పాలసీల్లో కాలుష్యాన్ని మినహాయించేస్తారు, లేదా మాకు ఇచ్చినట్టు సగం ఇస్తారు. నెమ్మదిగా జరిగే నష్టం, మట్టీ నీళ్లూ శుభ్రం చేసే ఖర్చు, పక్కవాళ్లకిచ్చే పరిహారం, లాయర్ ఫీజు ఇవన్నీ కావాలంటే విడిగా పొల్యూషన్ లయబిలిటీ పాలసీ అడగాలి. ఎన్విరాన్‌మెంటల్ ఇంపెయిర్‌మెంట్ లయబిలిటీ అని కూడా అంటారు.

ఇన్సూరెన్స్ రాకపోయినా బాధ్యత ఎటూ పోదు. రాజస్థాన్‌లోని బిచ్ఛ్రి గ్రామంలో రసాయన ఫ్యాక్టరీల వ్యర్థాలు బావుల్లోకి దిగిన కేసులో 1996లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, పాడు చేసినవాళ్లే బాగు చేసే ఖర్చు భరించాలని. నాకు కావాలని చేసే ఉద్దేశం లేదు, జాగ్రత్తగానే ఉన్నాను అంటే కుదరదు. పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ చట్టంలోనూ తప్పు ఎవరిదని చూడకుండానే పరిహారం వేయొచ్చు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ గ్యాస్ లీకైతే మర్నాడే 50 కోట్లు డిపాజిట్ చేయమంది ట్రిబ్యునల్.

మనకు అంత దూరం కూడా అక్కర్లేదు, పటాన్‌చెరు నక్కవాగులో ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసిన కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఆ తర్వాత హైకోర్టు, గ్రీన్ ట్రిబ్యునల్, ఇలా దశాబ్దాలు నడిచింది. ఆ వాగు పక్క రైతుల పొలాలు, బోర్లు ఏమయ్యాయో ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు.

"చట్టప్రకారం తీసుకోవాల్సిన పాలసీ ఒకటి ఉందట కదా" అని ఫ్రెండ్స్ అడుగుతున్నారు. ఉంది, భోపాల్ తర్వాత 1991లో వచ్చిన పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం. ప్రమాదకర పదార్థాలు నోటిఫై చేసిన పరిమాణం దాటి ఉంచుకునేవాళ్లకు తప్పనిసరి, ప్రీమియంతో సమానమైన మొత్తం ఎన్విరాన్‌మెంట్ రిలీఫ్ ఫండ్‌కూ కట్టాలి. కానీ అది బాధితులకు వెంటనే సాయం అందించడానికి పుట్టిన చట్టం. మొదట రాసినప్పుడు ప్రాణం పోతే ఇచ్చే సాయం 25 వేల రూపాయలు. మీ పనివాళ్లు అందులోకి రారు. పక్కింటి బోరు బాగు చేయడానికి అది చాలదు.

ఇప్పుడు కొత్త పాలసీకి తిరుగుతున్నాం. సైటు చూడటానికి వచ్చినాయన మట్టి శాంపిల్, బోరు శాంపిల్, ఈటీపీ (వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంటు) లాగ్ బుక్, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే దుండిగల్‌కు పంపిన స్లడ్జ్ (శుద్ధిలో మిగిలే బురద) కాగితాలు అన్నీ అడిగాడు. ముందే తెలిసిన ఆ పగులు మాత్రం కవర్ కాదని మొహం మీదే చెప్పేశాడు, అది న్యాయమే. మీరు తీసుకునేటప్పుడు రెట్రోయాక్టివ్ డేట్ ఏ రోజు నుంచి అని తప్పకుండా అడగండి, ఆ తేదీకి ముందు మొదలైన కాలుష్యానికి పైసా రాదు. మీ ఆవరణలోపల శుభ్రం చేసే ఖర్చు కూడా ఉందా, బయటివాళ్ల నష్టం ఒక్కటేనా అని కూడా అడగండి. లారీలో కెమికల్ పోతున్నప్పుడు జరిగితే? అదీ అడగండి. జవాబులు ఫోన్లో కాదు, మెయిల్లో తీసుకోండి.

పాత పగులు ఖర్చంతా బావ చేతి నుంచే పోతోంది. పిట్‌కు కొత్త లైనింగ్ వేయించాం, పక్కాయనకు రోజూ ట్యాంకర్ పంపిస్తున్నాం, ఆ బోరులోంచి తోడిన నీళ్లు మా ఈటీపీలో ఆ క్రోమియం విషాన్ని తగ్గించే మెటాబైసల్ఫైట్ వేసి ట్రీట్ చేస్తున్నాం. మన దగ్గర కింద అంతా గ్రానైటు, పగుళ్ల వెంబడి నీళ్లు ఎంత దూరం పోయాయో తెలుసుకోవడానికి ఇంకో రెండు బోర్ల శాంపిళ్లు కూడా ల్యాబ్‌కు ఇచ్చాం. పక్కాయన నెలకోసారి అదే తెల్ల బకెట్ నింపి తెస్తాడు, గడప దగ్గర ఎండలో పెట్టి ముగ్గురం చూస్తాం. రంగు తగ్గింది, ఇంకా పోలేదు.