ఇహ్రాం గుడ్డలు, జనాజా నమాజు: గుంటూరు నుంచి ఉమ్రా

ఉమ్రాకు (మక్కా యాత్రకు) వెళ్తున్నామని తెలిస్తే గుంటూరులో వీధంతా వచ్చి మా కోసం దువా (ప్రార్థన) చేయమంటుంది. హిందూ మిత్రులు ఇంకో మాటా అడుగుతారు: "మీకు మరుజన్మ లేదా?" లేదు. పుట్టుక ఒక్కటే, చావు ఒక్కటే. ఆపైన ఖియామత్ అనే తీర్పు రోజున లేపడం, లెక్క అప్పగించడం. చావుకూ ఆ రోజుకూ నడుమ ఉండే స్థితి బర్జఖ్. నన్ను వెనక్కి పంపు, మంచి పనులు చేసుకుంటానని చనిపోయినవాడు వేడుకున్నా ఆ మాట చెల్లదని ఖుర్ఆన్ 23వ సూరా (అధ్యాయం) 99, 100 ఆయతుల్లో (వాక్యాల్లో) ఉంది.

ఇది ఒంటికి తెలిసేది ఇహ్రాం (యాత్ర దీక్షా వస్త్రం) కట్టినప్పుడే. మగవాళ్లకు కుట్టులేని రెండు తెల్లగుడ్డలు, కఫన్‌కైతే (శవానికి చుట్టే గుడ్డకైతే) మూడు. తేడా అంతే. చాలామంది వాటిని పెద్ద సూట్‌కేసులో పెట్టి విమానంలో వేసేస్తారు. జిద్దా చేరేలోపే మీఖాత్ (ఇహ్రాంలోకి రావాల్సిన సరిహద్దు) దాటిపోతుంది, దమ్ (పరిహార బలి) కింద హరంలో (మక్కా పవిత్ర ప్రాంతంలో) ఒక మేకను జిబహ్ చేయించాల్సి వస్తుంది. చేతిసంచిలోనే ఉంచుకోవాలి, లేదా ఇంటి దగ్గరే కట్టుకుని నియ్యత్ (సంకల్పం) మాత్రం మీఖాత్ ముందు చేసుకోవాలి. అరఫాత్‌లో ఒంటె మీంచి పడి చనిపోయిన హాజీని ఆ రెండు గుడ్డల్లోనే చుట్టమని, తల కప్పొద్దని, అత్తరు పూయొద్దని, అతను లబ్బైక్ (హాజరయ్యాను) అంటూనే లేస్తాడని ప్రవక్త (స) చెప్పారు.

మక్కా హరం మసీదులో ఫర్జ్ (విధి) నమాజు అవగానే దాదాపు ప్రతిసారీ మైకులో "అస్సలాతు అలల్ అమ్వాత్" (చనిపోయినవాళ్ల కోసం నమాజు) అని వినిపిస్తుంది. మనవాళ్లు అది పట్టించుకోక సున్నత్ (అదనపు) నమాజుకు లేస్తారు. ఆగండి, అది జనాజా (చనిపోయినవాళ్ల) నమాజు. రుకూ (వంగడం) లేదు, సజ్దా (నేలకు నుదురు ఆనించడం) లేదు, నిలబడే నాలుగు తక్‌బీర్లు (అల్లాహు అక్బర్ అనడం). మొదటి దాని తర్వాత సనా (అల్లాహ్ స్తుతి), రెండో దానికి దరూద్ (ప్రవక్తపై దీవెన), మూడో దానికి మయ్యత్ (చనిపోయిన మనిషి) కోసం దువా, నాలుగో దాని తర్వాత సలాం. అక్కడి ఇమాం కుడివైపు ఒక్క సలామే చెబుతారు. హనఫీ సంప్రదాయం వాళ్లం, రెండోది మనమే చెప్పుకోవాలి. ఎవరి జనాజానో తెలియదు, అయినా ఆ దువా వదలకూడదు. తనకోసం తాను ఏదీ చేసుకోలేని మనిషి అక్కడ పడుకుని ఉన్నాడు.

తిరిగొచ్చేముందు కొందరు ఇహ్రాంను జంజం (మక్కా పవిత్ర బావి) నీళ్లలో తడిపి కఫన్ కోసం తెచ్చుకుంటారు. ఇది సున్నత్ (ప్రవక్త ఆచారం) కాదు, ఆనవాయితీ. నీడన పూర్తిగా ఆరనివ్వాలి. చెమ్మ మిగిలితే గుంటూరు చేరేసరికి బూజు మచ్చలు పడతాయి. బీరువాలో ఏ అరలో ఉందో ఇంట్లోవాళ్లకు చూపించి పెట్టాలి.