బిల్లు కొట్టడం అంటే నిజంగా కొట్టడమే

డిగ్రీ చదివే రోజుల్లో సెలవులు వచ్చినప్పుడల్లా మా నాన్నగారు తమ ఎరువుల దుకాణంలో బిల్లులు కొట్టే పని నాకు అప్పగించేవారు. బిల్లు రాయడమని కాక కొట్టడమని ఎందుకంటారో అక్కడి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరును చూశాకే నాకు అర్థమైంది. లేజర్ ప్రింటరు పొడిని కాగితానికి అంటించి వేడితో కరిగిస్తుంది, ఇంక్‌జెట్ సిరాను చిమ్ముతుంది, ఇది మాత్రం నిజంగానే కాగితాన్ని కొడుతుంది. దీని గుణాలూ దోషాలూ దాదాపు అన్నీ ఆ దెబ్బలోనే ఉన్నాయి.

మా ప్రింటరు హెడ్‌లో తీగల్లాంటి సన్నని పిన్నులు 9, ఒకే నిలువు వరుసలో ఉండేవి. ఒక్కొక్క పిన్నుకు ఒక్కొక్క విద్యుదయస్కాంతం ఉంటుంది. దానికి కరెంటు అందగానే పిన్ను ముందుకు దూకి, సిరాలో తడిసిన నైలాన్ రిబ్బన్‌ను కాగితానికి తాటించి, స్ప్రింగు లాగడంతో వెనక్కి వెళుతుంది. కాగితం వెనుక ఉన్న రోలరు ఆ దెబ్బను కాచుకుంటుంది. హెడ్ పక్కకు జరుగుతూ ఇలా నిలువు వరుసల్లో చుక్కలు పెట్టుకుంటూ పోతే అక్షరం ఏర్పడుతుంది. ముగ్గులో చుక్కలను చెయ్యి కలుపుతుంది, ఇక్కడ కన్ను కలుపుకుంటుంది.

పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అంగుళంలో 72వ వంతు. ఇంగ్లీషు పెద్దక్షరానికి 7 చుక్కల ఎత్తు చాలు, తోకలున్న చిన్నక్షరాల కోసం కింద మరో రెండు. మన ‘లక్ష్మి’లోని ‘క్ష్మి’కి పైన గుడి, కింద రెండు వత్తులు, అంతా 9 చుక్కల ఎత్తులో ఇమిడే పని కాదు. అందువల్ల తెలుగును అక్షరాలుగా కాక బొమ్మగా పంపించి, హెడ్‌ను ఒకే వరుస మీద మళ్లీ మళ్లీ నడపవలసి వచ్చేది. అంత ఓపిక లేక మేమూ బిల్లులు ఇంగ్లీషులోనే ఇచ్చాం, వాటిని చదువుకోవలసింది తెలుగు మాత్రమే వచ్చిన రైతులైనా సరే.

దీని అసలు బలం కార్బన్ ప్రతుల్లో ఉంది. కొనుగోలుదారుకు ఒకటి, లారీ డ్రైవరుకు ఒకటి, మా ఫైలుకు ఒకటి, మూడూ ఒకే దెబ్బకు వచ్చేవి కనుక ఒకదానిలో ఒక అంకె, మరొకదానిలో వేరొక అంకె ఉండే ప్రసక్తే లేదు. లేజర్ మూడు కాగితాలు విడివిడిగా తీయగలదు గాని, పై కాగితం మీద చేసిన పనిని కింది కాగితం దాకా దించలేదు. ఇందులో ఒక వింత కూడా ఉండేది: రిబ్బన్ ఎండిపోయినప్పుడు పై ప్రతి వెలవెలబోయి, కార్బన్ ప్రతులే నల్లగా వచ్చేవి. అలాగని ఎండిన రిబ్బన్‌తో నెట్టుకురావడం మంచిది కాదు, ఎందుకంటే పిన్నులకు కందెన కూడా ఆ సిరాయే. పైగా చిరిగిన రిబ్బన్‌లో చిక్కుకుంటే పిన్ను వంగుతుంది, విరుగుతుంది.

మాకు ఒకసారి సరిగ్గా నాలుగో పిన్ను విరిగింది. మధ్య గీత లేని సున్నాకూ ఎనిమిదికీ తేడా అంతా ఆ నాలుగో వరుసలోనే ఉంటుంది. 8800 రూపాయల బాకీ ఉన్న పెద్దాయన బిల్లు చూసుకుని, “మా బాకీకి సున్నా చుట్టేశారు, ఇంక మేం వెళ్లొస్తామండీ,” అన్నారు. నాన్నగారు ఆ వారమంతా అంకెల పక్కన అక్షరాలు చేత్తో రాశారు.

చప్పుడు సంగతి చెప్పనక్కరలేదు. ప్రింటరు నడుస్తున్నంతసేపూ ఫోను ఎత్తేవాళ్లం కాదు. వేగం తక్కువ, బొమ్మలు పనికిరావు. అయినా బీరువాలోని పాత బిల్లులు ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి. వేడితో అచ్చయ్యే సూపర్‌మార్కెట్ చీటీ వేసవి దాటేలోపే తెల్లబోతుంది. కుట్టిన పాస్‌బుక్కును లేజర్‌లోకి దూర్చలేం కనుక బ్యాంకుల్లోనూ ఈ జాతి యంత్రాలే ఉన్నాయి.

ఇంట్లో అప్పుడప్పుడు నాలుగు కాగితాలు తీసుకునేవారికి దీన్ని నేను సిఫారసు చేయను. కార్బన్ ప్రతులు కావలసినవారు మాత్రం 24 పిన్నుల ప్రింటరులోని అక్షరాల అందం చూసి తొందరపడకుండా, కింది కాగితం మీద ఎంత స్పష్టంగా పడుతుందో దుకాణంలోనే కొట్టించి చూసుకోవాలి. 9 పిన్నుల హెడ్‌లో తీగ కాస్త లావు, దెబ్బ గట్టిది.