రొయ్య వెనకాల బార్సిలోనా దాకా

ఈయన సీఫుడ్ ఎక్స్‌పో కోసం బార్సిలోనా వెళ్తున్నారని, ఈసారి నన్నూ తీసుకెళ్తున్నారని చెబితే మా అత్తగారు అడిగిన మొదటి మాట: "రొయ్యలు మన దగ్గరుండగా అంత దూరం దేనికమ్మాయ్?" అమ్మడానికి అత్తయ్యా అన్నాను. "అమ్మడానికి వాడు చాలడూ?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మాది భీమవరమండి. మావారు ఓ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఎక్స్‌పోర్ట్ వ్యవహారాలు చూస్తారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ వ్యాపారం గురించి నాకు తెలిసిందల్లా ఫోన్లే. రాత్రి పొద్దుపోయాక మోగిందంటే రేటు పడిపోయిందనో, కంటైనర్ ఎక్కడో ఆగిపోయిందనో. ఈయన గొంతును బట్టి మర్నాడు ఇంట్లో ఎండో వానో చెప్పగలను గానీ, అవతల ఎవరున్నారో ఎప్పుడూ అడగలేదు. పిల్లలిద్దరూ హాస్టళ్లకి వెళ్లిపోయారు. "రావాలనుంటే రా. గది కంపెనీది, నీ టికెట్టూ వీసా మనవి" అన్నారు. ఈయన ఎవరినైనా ఇంతకన్నా ముద్దుగా పిలవడం నేను చూడలేదు.

అది 2024 ఏప్రిల్. ఊళ్లో ఎన్నికల మైకులు, పైన మాడ్చేసే ఎండ. వీసా కాగితాల తిప్పల గురించి రాయను, అందరికీ తెలిసిందే. సామానులో ఆవకాయ, కందిపొడి, బుల్లి రైస్ కుక్కర్ పెట్టుకున్నాను. నెయ్యి సీసా మాత్రం ఈయన తీయించేశారు. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల వాళ్లు యూరప్‌లోకి తీసుకెళ్లకూడదట. రోజంతా యూరప్ వాళ్ల రూల్స్‌తోనే బతికే మనిషి కదా, సూట్‌కేస్ దగ్గర కూడా వదల్లేదు.

ఈ ఎక్స్‌పో చాలా ఏళ్లు బ్రస్సెల్స్‌లో జరిగేది, 2022 నుంచి బార్సిలోనాకి మారింది. చేపలూ రొయ్యల వ్యాపారానికి ప్రపంచంలో ఇదే పెద్ద సంత. రెండు వేలకు పైగా కంపెనీలు వస్తాయి. ఆ యేడు ఏప్రిల్ 23 నుంచి 25 దాకా. వ్యాపారస్తులకే ప్రవేశం, మెడలో బ్యాడ్జీ ఉండాలి. నాకు లేదు. మొదటి రోజు పొద్దున్నే ఈయన కోటు తొడుక్కుని వెళ్తూ వెళ్తూ జాగ్రత్తలు చెప్పారు: బ్యాగు ముందుకు వేసుకో, ఎవరైనా బట్టల మీద మరక పడిందని దగ్గరికొస్తే ఆగకు, ఫోను చేతిలో పట్టుకుని నడవకు. తలుపు వేసుకున్నాక ఆ గదిలో నేనూ, కుక్కరూ మిగిలాం.

ఒక్కదాన్నీ ఎప్పుడూ ఎక్కడికీ వెళ్లలేదని కాదు. మహా అయితే విజయవాడ, ఎప్పుడైనా హైదరాబాద్ మా అక్క దగ్గరికి. కానీ ఫలానా వేళకి ఫలానా చోట ఉండాలన్న పని లేకుండా, ఎవరూ ఎదురుచూడకుండా బయటికి వెళ్లడం మాత్రం అదే మొదలు. భయం మెట్రో స్టేషన్ దాకానే. పది ప్రయాణాల టికెట్టు ఒకటి ఉంది, టీ-కాజువల్ అంటారు. ఒక్క మనిషే వాడుకోవాలి, భార్యాభర్తలు పంచుకోవడానికి వీల్లేదు. అది నాకు భలే నచ్చింది. ఎస్పాన్యా కూడలిలో మారి, ఆకుపచ్చ లైను పట్టుకుని, పస్సేజ్ ద గ్రాసియాలో పైకి వచ్చాను.

వచ్చేసరికి రోడ్డు నిండా గులాబీలూ పుస్తకాలూ. ముందు ఎవరిదో పెళ్లనుకున్నాను. ఏప్రిల్ 23 అక్కడ సాంత్ జోర్ది పండగ. బార్సిలోనా ఉన్న కతలోన్యా ప్రాంతాన్ని కాపాడతాడని చెప్పుకునే సెయింట్ ఈ జోర్ది, డ్రాగన్‌ని పొడిచి రాకుమారిని కాపాడితే, దాని నెత్తురు పడిన చోట గులాబీ మొలిచిందని కథ. అందుకని ఆ రోజు మగవాళ్లు ఆడవాళ్లకి గులాబీ ఇస్తారు, ఆడవాళ్లు మగవాళ్లకి పుస్తకం ఇస్తారు. ఇప్పుడు ఎవరికి ఏది నచ్చితే అది. యునెస్కో 1995లో ఏప్రిల్ 23ని ప్రపంచ పుస్తక దినంగా ఎంచుకోవడం వెనక ఈ పండగ కూడా ఉంది. సెలవేమీ కాదు, మామూలు మంగళవారం. ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్లు రచయితల సంతకం కోసం వరసలో నిలబడ్డారు. గౌడీ అనే ఆర్కిటెక్టు కొత్త రూపమిచ్చిన కాసా బట్యో అనే భవనం ఉంది కదా, దాని బాల్కనీలన్నీ ఎర్ర గులాబీలతో నింపేశారు. ప్రతి పువ్వుకీ ఒక గోధుమ వెన్ను, ఎరుపూ పసుపూ చారల రిబ్బను కట్టి ఇస్తారు. మావారు ఎక్స్‌పో జరిగే ఫిరా హాల్లో చేపల మధ్య ఉన్నారు కాబట్టి నా గులాబీ నేనే కొనుక్కున్నాను, కాలేజీ పిల్లలు బల్ల వేసుకుని అమ్ముతుంటే. రాత్రి గదిలో నీళ్ల గ్లాసులో ఉన్న పువ్వు చూసి ఈయన "ఎవరిచ్చారు?" అని అడగలేదు, "ఎంత?" అని అడిగారు.

సాగ్రదా ఫమీలియా చూశాను. 1882లో మొదలుపెట్టిన చర్చి, నేను వెళ్లేసరికి ఇంకా క్రేన్లు ఉన్నాయి. దాని గురించి రాసినవాళ్లు చాలామంది, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. లోపల అద్దాల రంగుల్లో కూర్చుంటే బాగుంది, అంతే.

నేను గంటలకొద్దీ నిలబడింది మాత్రం లా బొకెరియా మార్కెట్లో. రాంబ్లా రోడ్డు పక్కనే. ముందు వైపంతా టూరిస్టుల కోసం పళ్లరసాలూ, కోసిన పళ్లూ. లోపలికి వెళ్తే చేపల కొట్లు, అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఐసు మీద తలతో సహా పేర్చిన రొయ్యలు. పచ్చిగా ఉండగానే ఎర్రగా ఉన్నాయేంటా అని దగ్గరికెళ్లాను. మధ్యధరా సముద్రం లోతుల్లో పట్టే రకమవి, పాలమోస్ రేవు పేరుతో వాటికి గొప్ప పేరు. ధర మా చెరువు గట్టు ధరకి ఎన్నో రెట్లు. కన్ను చూసి, మీసం చూసి, తల ఊడుతుందా లేదా చూశాను. కొట్టావిడ నా చెయ్యి చూసి నవ్వింది. కొననని తెలిసినా ఒకటి తీసి అరచేతిలో పెట్టింది. మీసాలు ఒక్కటీ విరగలేదు.

మనవి ఎక్కడ? అది సూపర్‌మార్కెట్ ఫ్రీజర్ దగ్గర అర్థమైంది. యూరప్‌లో ప్యాకెట్ మీద రొయ్య శాస్త్రీయ నామం, పట్టినదా పెంచినదా, ఎక్కడిది అన్నీ రాయాలి. మన చెరువుల్లో పెంచే రకం వనామీ, ఆ పేరు చూడగానే ప్రాణం లేచి వచ్చింది. వెనక తిప్పితే ఎక్వడార్. ఇంకోటి తీశాను, అదీ ఎక్వడారే. వనామీ అసలు ఊరు అటు పసిఫిక్ తీరమే కదా, మనకి 2009లో గానీ పెంచుకోవడానికి అనుమతి రాలేదు. అయినా కడుపు మండింది. ఫ్రీజర్ తలుపు తెరిచి ఒక్కో ప్యాకెట్టూ తిరగేస్తున్న నన్ను చూసి సెక్యూరిటీ కుర్రాడు రెండుసార్లు అటు వచ్చి వెళ్లాడు. చివరికి అట్టడుగున, ఒలిచిన చిన్న రొయ్యల సంచి మీద ఇండియా అని కనిపించింది. ఫొటో తీసి ఈయనకి పంపాను. మీటింగులో ఉండి కూడా వెంటనే జవాబిచ్చారు: "ఏ ప్లాంటు? నెంబరు జూమ్ చెయ్యి."

ఇంకోటి చెప్పాలి. అప్పుడు అక్కడ కరువు. మూడేళ్లుగా వానల్లేక ఫిబ్రవరి 1న అక్కడి ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించింది. ఎస్పాన్యా కూడలి దగ్గరున్న పేద్ద ఫౌంటెన్ ఎండిపోయి ఉంది, బీచిలో కాళ్లు కడుక్కునే షవర్లు కట్టేశారు. గోదావరి కాలువల పక్కన పుట్టినదాన్ని, మాకూ ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు గానీ మళ్లీ జూన్‌లో వదుల్తారన్న ధీమా ఉంటుంది. అందుకేనేమో నాలుగు నిమిషాల్లో స్నానం ముగించడం నాకు కష్టమనిపించలేదు, ఈయనకి అనిపించింది.

రెండో రోజు రాత్రి కొనుగోలుదారు దంపతులతో భోజనం. తొమ్మిదిన్నరకి రమ్మన్నారు. అప్పుడు మన దగ్గర రాత్రి ఒంటిగంట. నేను ఆరింటికే ఆవకాయన్నం తినేసి ఉన్నాను, ఒక జాగ్రత్త. బల్ల మీదికి ముందు టమాటా రుద్దిన రొట్టె, తర్వాత పెనం మీద ఉప్పుతో కాల్చిన రొయ్యలు, తలలతోనే. ఆయన ఒకటి తీసుకుని తల విరిచి జుర్రుకున్నారు. మావారు అదే పని అంత పొందికగా చేయడం చూసి తెల్లబోయాను. ఇంట్లో తల వాసన కూడా పడదంటారు!

మగవాళ్లు రేటులో యూరో సెంట్ల దగ్గర బేరంలో ఉండగా ఆవిడ నన్ను అడిగింది, చెరువులు రాకముందు అక్కడ ఏముండేదని. ఇద్దరిదీ అంతంత ఇంగ్లీషే కాబట్టి మాటల్లో చక్కెర కలపడం రాదు. వరి అని చెప్పాను. మా నాన్న చేను చెరువైన యేడు పక్క రైతు చేలోకి ఉప్పు ఊరి గొడవైందని, మా పుట్టింటి ఊళ్లో ఇప్పటికీ తాగే నీళ్లు కొనుక్కుంటారని చెప్పాను. డబ్బు కూడా దాంట్లోంచే వచ్చింది, నా చదువూ పెళ్లీ దాంతోనే అయ్యాయని కూడా చెప్పాను. మావారి చెయ్యి గ్లాసు దగ్గర ఆగిపోవడం ఓరకంట కనిపించింది. ఆవిడ కాసేపు ఊరుకుని, "ఆ రొయ్యలు మీ ఇంట్లో తింటారా?" అంది. వారానికి రెండుసార్లన్నాను. వంకాయతో, గోంగూరతో, ఈ రోజుల్లో అయితే చింతచిగురుతో. వేపుడైతే అన్నంలోకి కాదు, ఉత్తిగానే అయిపోతుంది. ఆవిడ మొగుడి వైపు తిరిగి గబగబా వాళ్ల భాషలో ఏదో చెప్పింది. చింతచిగురు అంటే ఏమిటో వివరించడానికి ఫోన్లో చెట్టు బొమ్మ చూపించాల్సి వచ్చింది.

తిరిగి వస్తూ టాక్సీలో ఈయన, "నీళ్ల సంగతి చెప్పకుండా ఉండాల్సింది" అన్నారు. కాసేపాగి, "ఇంట్లో తింటామన్నావు, అది మంచిదే" అన్నారు.

మూడో రోజు ఎవరో రాలేకపోతే వాళ్ల కంపెనీ తరఫున నాకో బ్యాడ్జీ పుట్టింది. హాల్లోకి వెళ్లాను. కళ్లు తిరిగే వెలుగు. నార్వే వాళ్ల సాల్మన్ ఒక వీధి, ఎక్వడార్ వాళ్ల రొయ్య ఇంకో వీధి. మన దేశం స్టాళ్లు వెతుక్కుంటూ వెళ్తే మావారు కనిపించారు. నన్ను చూడలేదు. కోటు బొత్తాం పెట్టుకుని, చేతిలో బ్రోచర్లతో, పోయేవాళ్ల మెడల్లో బ్యాడ్జీలు చదువుతూ నిలబడి ఉన్నారు. ఎవరైనా ఆగితే ముఖం వెలుగుతోంది, దాటిపోతే మళ్లీ మామూలవుతోంది. ఇంట్లో డ్రైవరు పది నిమిషాలు ఆలస్యమైతే ఊరుకోని మనిషి. నేను ఓ స్తంభం పక్కన చాలాసేపు ఉండిపోయాను.

ఒకతను ఆగి శాంపిళ్ల గురించే అడుగుతున్నాడు. మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగానికి యూరప్ రేవుల్లో యాంటీబయాటిక్ పరీక్షలు చేస్తారట. 2016 ముందు పదింట ఒకటే. పరీక్ష అయ్యేదాకా సరుకు కదలదు, ఆగిన ప్రతి రోజుకీ ఖర్చు. రాత్రిళ్లు మోగిన ఫోన్లలో సగం ఇవేనన్నమాట. నాతో ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వెప్పుడు అడిగావు?" అన్నారు. నిజమే గానీ, అడిగితే చెప్పే ముఖమా అది ఆ వేళ!

ఆ దంపతుల ఆర్డరు అక్కడ తేలలేదు. జూన్‌లో ఖరారైంది, ఈయన అనుకున్న రేటుకి కాస్త తక్కువగానే. మొదటి కంటైనర్ వెళ్లినప్పుడు అది పరీక్షకి ఆగిందా లేదా అని రోజూ అడుగుతుంటే, మావారు విసుక్కుని ట్రాకింగ్ లింకు నా వాట్సాప్‌లో పడేశారు.