ఎన్ని కుట్లు పడ్డాయండీ?

అమలాపురం నుంచి కాకినాడ దాకా, గాల్‌బ్లాడర్ (లివరు కింద పైత్యరసాన్ని దాచే సంచి) తీయించుకున్నానంటే జనం మొదట అడిగేది ఇదే. నాకు పెట్టినవి మూడు గాట్లు. పొట్ట తెరవకుండా కెమెరాతో చేసే ఈ ఆపరేషనులో మామూలుగా నాలుగు పెడతారు: బొడ్డు దగ్గర కెమెరాకి 10 మిల్లీమీటర్లది, రొమ్మెముక కింద ఇంకొకటి, కుడి డొక్కలో 5 మిల్లీమీటర్లవి రెండు. ఆ రెండింట్లో బాగా పక్కన ఉండేదాంట్లోంచి సహాయకుడు సంచి కొసని పట్టుకుని కుడి భుజం వైపు ఎత్తిపెడతాడు. దాంతో లివరు లేచి, సంచి మెడ కనబడుతుంది. ఒక గాటు తగ్గించాలంటే ముందు పోయేది ఈ పక్క గాటే. అప్పుడు లాగడమూ కొయ్యడమూ రెండూ సర్జనే చేసుకోవాలి.

అసలు భయం ఆ మెడ దగ్గరే. అక్కడి కొవ్వు, పొరలు శుభ్రంగా విడదీసి, సంచి అడుగు భాగం మూడో వంతు లివరు నుంచి ఊడదీసి, సంచిలోకి వెళ్లేవి రెండే అని తేల్చుకోవాలి: ఒక పైత్యనాళం, ఒక రక్తనాళం. ఆ తర్వాతే క్లిప్పులు. శరీరంలో ఉండిపోయే వైపు సాధారణంగా రెండు, సంచి వైపు ఒకటి, మధ్యలో కత్తిరింపు. తొందరపడి, లివరు నుంచి పేగుకి వెళ్లే పెద్ద పైత్యనాళాన్ని కోస్తే కామెర్లు, మళ్లీ పెద్ద ఆపరేషను. అందుకే సంచి వాచి, అతుక్కుపోయి ఉంటే మూడుతో మొండికేయకూడదు. మా సర్జను ముందే చెప్పారు: “లోపల సరిగ్గా కనబడకపోతే నాలుగోది పెట్టేస్తానండీ, అవసరమైతే పొట్ట కూడా తెరుస్తాను.” నాకు నచ్చిన మాట అదే.

బొడ్డులో ఒకే గాటుతో చేసేదీ ఉంది. మచ్చ కనబడదు, నిజమే. కానీ పనిముట్లన్నీ ఒకే కన్నంలో కొట్టుకుంటాయి, టైము ఎక్కువ పడుతుంది, గాటు పెద్దది కాబట్టి తర్వాత బొడ్డు దగ్గర హెర్నియా వచ్చే అవకాశమూ ఎక్కువే. నొప్పిలో తేడా చెప్పుకోదగ్గంత ఉండదు. పైగా సంచిలో ఉన్న రాయి పెద్దదైతే, సంచిని బయటికి లాగడానికి ఏ పద్ధతిలోనైనా గాటు పెంచాల్సిందే. నాకు డబ్బాలో వేసి ఇచ్చినవి కందిగింజంత రాళ్లు, గోధుమరంగువి. ఆ బాధ తప్పింది.

తర్వాత అన్నిటికన్నా సలిపేది బొడ్డు గాటు. కుడి భుజం కూడా లాగుతుంది. పొట్ట ఉబ్బించడానికి ఎక్కించే కార్బన్ డయాక్సైడ్ డయాఫ్రంని (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొరని) రేపడం వల్ల. లేచి నాలుగడుగులు వేస్తుంటే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. పైత్యరసాన్ని దాచే సంచి లేదు కాబట్టి అది లివరు నుంచి నేరుగా పేగులోకి కారుతుంటుంది. నెయ్యి దట్టించిన పూతరేకులు, నూనె తేలే చేపల ఇగురు ఒక్కసారే లాగిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. మెత్తటి అన్నం, చారు, ఇడ్లీతో మొదలెట్టి కొద్దికొద్దిగా పెంచుకోవాలి. బియ్యం బస్తా, కొబ్బరి గెల లాంటి బరువులు నాలుగు నుంచి ఆరు వారాలు ముట్టుకోకూడదు.

జ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, తగ్గాల్సిన నొప్పి పెరగడం, పొట్ట ఉబ్బడం: వీటిలో ఏదొచ్చినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. తీసిన సంచిని బయాప్సీకి పంపారో లేదో కూడా అడగండి. అరుదుగా అందులో క్యాన్సర్ బయటపడుతుంది. కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడే ఆ రిపోర్టు చేతికి తీసుకోవాలి.