బస్సు వెనకాల ఓడ

విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఇలా వచ్చిందో లేదో, దాని వెనకాల సముద్రంలో లంగరేసి ఉన్న సరుకు ఓడ కూడా నా కెమెరా ఫ్రేములోకి వచ్చేసింది. ఎంత సంబరమేసిందో!

ఖాళీ ఓడ. అడుగున ఉండే ఎర్ర రంగంతా నీళ్ల పైకి తేలి కనిపిస్తోంది, సరుకు ఎక్కితే అది మునిగిపోతుంది.

విశాఖలో ఓడల ఫొటోలకి సాయంత్రమే మంచిది. పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు కాబట్టి ఓడలన్నీ నల్లటి నీడల్లా పడతాయి, అదే నాలుగు దాటాక ఎండ ఊరి వైపు నుంచి కొడుతుంది, బస్సు రంగూ ఓడ రంగూ రెండూ నిండుగా వస్తాయి. ఎల్ఈడీ బోర్డున్న బస్సయితే షట్టర్ స్పీడు (కెమెరా కన్ను తెరిచి ఉండే సమయం) సెకనులో 1/125 వంతు కంటే తగ్గనివ్వను, లేకపోతే ఆ లైట్లు వెలిగి ఆరుతుంటాయి కాబట్టి బోర్డు మీది ఊరి పేరు ముక్కలు ముక్కలుగా పడుతుంది.

నేవీ స్థావరం వైపు మాత్రం కెమెరా తిప్పను.

అలల్ని తీయొచ్చుగా, బస్సులేంటి అంటారు చాలామంది. ఈ ఊళ్లో పొద్దున్నే పనికి వెళ్లేవాళ్లని మోసేది ఆ బస్సే కదా, నాకు అదే అందం.

ఈ ఫొటో ప్రింటు తీయించి నాన్నకిస్తా. పోర్టులో క్రేన్ నడిపిన మనిషి, ఓడని చూడగానే అందులో ఏ సరుకు వస్తుందో చెప్పేస్తారు.